నేలపట్టు, పులికాట్ పక్షులు: అపోహలు – వాస్తవాలు

అక్టోబరు నుంచి మార్చి దాకా, సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రంలో చెరువు కట్ట మీద సందర్శకులకు పక్షులను చూపించి, వాటి గురించి చెప్పడం నా పని. బైనాక్యులర్ చేతికి ఇచ్చేలోపే చాలామంది నోట వచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో కొన్నిటిని సరిదిద్దకపోయినా పెద్ద నష్టం లేదు. కొన్ని మాత్రం పక్షుల మనుగడకే ముప్పు తెస్తున్నాయి.

అపోహ: ఇవన్నీ గుడ్లు పెట్టడానికి సైబీరియా నుంచి వచ్చిన పక్షులు.

అన్నిటికన్నా లోతుగా పాతుకుపోయిన అపోహ ఇదే. పాఠశాలల్లో పిల్లలకు ఇలాగే చెబుతారు, పత్రికలు ఏటా 'విదేశీ అతిథులు' అనే రాస్తాయి. నేలపట్టు చెరువు నీటిలో పెరిగే కడప అనే చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు సైబీరియా పక్షులు కావు. ఇక్కడి గూడబాతు ప్రధానంగా భారత్, శ్రీలంక, కంబోడియాలలోనే పిల్లలను పెంచుతుంది. ఏడాదంతా ఇవి దక్షిణాది చెరువులు, జలాశయాల మధ్యనే తిరుగుతాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు నేలపట్టు చెరువు నిండి, చెట్ల మొదళ్లు నీట మునిగాక ఇక్కడికి చేరతాయి. పుట్టింటికి పురుడు పోసుకోవడానికి వచ్చిన ఆడపడుచుల్లాంటివి ఇవి. వానలు ముఖం చాటేసిన ఏడాది గూళ్లు బాగా తగ్గిపోతాయి.

మరి ఉత్తరాది నుంచి వచ్చేవి లేవా అంటే, ఉన్నాయి. సూదితోక బాతుల వంటి అనేక రకాల బాతులు, బురదలో పురుగులు ఏరుకునే ఉల్లంకి పిట్టలు వేల కిలోమీటర్లు ఎగిరి మన నీళ్లకు వస్తాయి. తల మీద రెండు నల్ల చారలుండే బార్ హెడెడ్ గూస్ అయితే టిబెట్, మంగోలియాల నుంచి హిమాలయాలనే దాటి వస్తుంది. కానీ ఇవేవీ ఇక్కడ గుడ్లు పెట్టవు. అక్కడ మంచు కప్పేసే నెలల్లో తిండి కోసం వచ్చి, మార్చి, ఏప్రిల్ నాటికి తిరిగి వెళ్లి, వాటి నేల మీదే గూళ్లు పెట్టుకుంటాయి. అంటే గూళ్లలో కనిపించేవి మనవి, దూరం నుంచి వచ్చినవి గూళ్లలో కనిపించవు.

ఈ తేడాను నేను ఇంతగా పట్టుకుని చెప్పడానికి కారణం ఉంది. అతిథులు వచ్చారు, వెళ్లారు అనుకుంటే మార్చితో మన బాధ్యత తీరిపోయినట్టే అవుతుంది. నేలపట్టులో పుట్టిన గూడబాతు మే నెలలో మీ ఊరి చెరువులోనే ఉండవచ్చు. ఆ చెరువును పూడ్చి ప్లాట్లు వేస్తే, నేలపట్టుకు ఎంత గట్టి కంచె వేసినా ప్రయోజనం ఉండదు. కొల్లేరు ప్రాంతంలో 1946లో పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ చూసిన గూడబాతుల స్థావరంలో దాదాపు 3,000 పక్షులు ఉండేవి. 1975 ప్రాంతానికి ఆ స్థావరం కనుమరుగైంది. ఇప్పుడు కొల్లేటి అంచున ఆటపాకలో చెట్లు చాలక ఇనుప స్టాండ్లు నిలబెడితే, గూడబాతులు వాటి మీద గూళ్లు కట్టుకుంటున్నాయి. పక్షులు సర్దుకుంటున్నాయి కదా అని కొందరు మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ దృశ్యం చూస్తే మనం ఎన్ని చెట్లు పోగొట్టుకున్నామో గుర్తొస్తుంది.

అపోహ: నేలపట్టుకు వస్తే ఫ్లెమింగోలను చూడవచ్చు.

సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో పండుగ పేరు విని వచ్చేవారికి ఇక్కడే నిరాశ. ఫ్లెమింగోలు చెట్ల మీద వాలవు. వాటిని చూడాలంటే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పులికాట్ సరస్సు మధ్యగా వెళ్లే రోడ్డు మీదకు రావాలి. వాటి గూళ్లు కూడా పులికాట్‌లో ఉండవు. మన దేశంలో వాటి ప్రధాన సంతానోత్పత్తి స్థలం గుజరాత్‌లోని కచ్ రణ్. ఆ గులాబీ రంగు పుట్టుకతో రాదు. పిల్లలు బూడిద రంగులో ఉంటాయి. ఉప్పునీటి నాచులోనూ, చిన్న చిన్న రొయ్యల జాతి జీవుల్లోనూ ఉండే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు ఒంటికి పట్టాకే ఆ రంగు వస్తుంది.

అపోహ: నీళ్లు ఎంత నిండుగా ఉంటే పక్షులకు అంత మంచిది.

నేలపట్టు వరకు ఇది చాలావరకు నిజం. గూళ్లున్న చెట్ల చుట్టూ నీళ్లుంటే నక్కలు, అడవి పిల్లులు, మనుషులు దగ్గరికి పోలేరు. పులికాట్ విషయం వేరు. ఫ్లెమింగో తల కిందులుగా ముక్కు ముంచి, నీటిని వడకట్టుకుని తింటుంది. చిన్న ఉల్లంకులు తడి బురదను పొడుచుకుని బతుకుతాయి. వీటికి పలుచని నీరు కావాలి. అలాగని సరస్సు ఎండిపోయినా కష్టమే. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల మంచినీరు, ముఖద్వారాల గుండా వచ్చే సముద్రపు నీరు కలిస్తేనే పులికాట్ పులికాట్‌గా ఉంటుంది. రాయదొరువు వంటి ముఖద్వారాల్లో ఇసుక మేట వేస్తే సముద్రపు నీటి రాకపోకలు ఆగిపోతాయి, చేపలు, రొయ్యల రాక తగ్గుతుంది. అప్పుడు నష్టపోయేది పక్షులూ, వల మీద బతికే మత్స్యకారులూ ఇద్దరూ. ముఖద్వారం పూడిక తీయాలన్న మత్స్యకారుల కోరికను పక్షులను ప్రేమించే ప్రతివారూ తమ కోరికగా భావించాలి.

అపోహ: ఇన్ని కొంగలుంటే చెరువులో చేపలు మిగలవు, పైరు పాడవుతుంది.

పెద్ద పక్షులు ఒక్క చెరువు మీద ఆధారపడవు. మేత కోసం చుట్టుపక్కల చెరువులకు, పులికాట్‌కు వెళ్లి వస్తుంటాయి. నత్తగుల్ల కొంగ ప్రధాన ఆహారం, పేరులోనే ఉన్నట్టు, నత్తలు. ఇక చెరువులో పడే రెట్ట నీటికి బలం. ఆ నీరు పారిన పొలంలో పైరు ఏపుగా వస్తుందని ఇక్కడి రైతులే చెబుతారు. నేలపట్టు గ్రామస్థులు ఈ పక్షులను కాపాడుతూ వచ్చారంటే అందులో దయతో పాటు అనుభవం కూడా ఉంది.

అపోహ: దూరం నుంచి ఒక్క చప్పట్లు కొడితే ఏమవుతుంది?

ఫొటో కోసం పక్షులు ఒక్కసారిగా లేవాలని చప్పట్లు కొట్టేవారు, డ్రోన్ తెచ్చేవారు దయచేసి ఇది చదవండి. గూడబాతు గుడ్లను దాదాపు నెల రోజులు పొదగాలి. తల్లిదండ్రులు బెదిరి లేచిన కొద్ది నిమిషాల్లోనే కాకులు, గద్దలు గుడ్ల మీద వాలతాయి. ఈకలు రాని పిల్లలైతే ఎండకు వడలిపోతాయి. పెద్దవి తిరిగొచ్చి కూర్చున్నంత మాత్రాన పోయిన గుడ్డు రాదు.

గూడు నుంచి కింద పడిన పిల్ల కనిపిస్తే ఇంటికి తీసుకుపోకండి, నోట్లో అన్నం, రొట్టె పెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షులను పట్టుకోవడం నేరం కూడా. ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకుని గేటు దగ్గరున్న అటవీ సిబ్బందికి వెంటనే చెప్పండి, వాళ్లు వచ్చేదాకా కుక్కలు దాని దగ్గరికి రాకుండా చూడండి.