కొత్త టీవీ కొనాలా? ముందు నలుపును చూడండి

రాత్రిపూట హాల్లో లైట్లన్నీ ఆర్పేసి మీ ఇంటి టీవీలో ఒక సినిమా పెట్టండి. మన సినిమాలు చాలావరకు టీవీ తెర కంటే వెడల్పైన స్కోప్ పద్ధతిలో తీసినవే కాబట్టి బొమ్మకు పైనా కిందా రెండు నల్ల పట్టీలు వస్తాయి. కథను కాసేపు పక్కనపెట్టి ఆ పట్టీలనే చూడండి. టీవీ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంచు చీకట్లో కలిసిపోతుంది. పట్టీ మాత్రం కలవదు. బూడిద రంగులో, ఒక్కోసారి కాస్త నీలి ఛాయతో, మూలల దగ్గర మరికొంచెం ఎక్కువగా వెలుగుతూ ఉంటుంది. అక్కడ చూపించాల్సింది ఏమీ లేదు, అయినా వెలుతురు వస్తోంది. కొత్త తెరల్లో నిజంగా డబ్బు పెట్టదగిన మార్పు ఏదైనా ఉందంటే, అది ఈ అనవసరపు వెలుతురును ఆపడమే అని నా అభిప్రాయం.

మన ఇళ్లలో ఎక్కువగా ఉన్న ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు. ఎల్‌ఈడీ టీవీ అని కొన్నదీ ఇదే, వెనక ఉండే దీపాలు మాత్రమే ఎల్‌ఈడీలు. ఆ వెలుగు ద్రవ స్ఫటికాల పొర గుండా ముందుకు వస్తుంది. ఒక్కో పిక్సెల్ (బొమ్మను కూర్చే చిన్న చుక్క) దగ్గర స్ఫటికాలు విద్యుత్తుకు స్పందించి దిశ మార్చుకుంటూ వెలుగును వదులుతాయి లేదా ఆపుతాయి. పాత ఇంటి కిటికీ రెక్కలు ఎంత బిగించి వేసినా సందుల్లోంచి ఎండ పడ్డట్టు, ఇక్కడా కొంత వెలుగు జారిపోతుంది. తెర చూపగల తెలుపు, అదే తెర చూపగల నలుపు కంటే ఎన్ని రెట్లు ప్రకాశవంతమో చెప్పే లెక్కే కాంట్రాస్ట్. ఐపీఎస్ రకం ఎల్‌సీడీలో ఇది సుమారు 1000 రెట్లు. వీఏ రకంలో 3000 నుంచి 5000 రెట్ల దాకా ఉంటుంది. పక్కకు కూర్చుని చూసినా రంగులు అంతగా మారకపోవడం ఐపీఎస్‌కు అనుకూలం. చీకటి దృశ్యాల్లో వీఏదే పైచేయి.

ఓఎల్‌ఈడీలో వెనక దీపమే లేదు. ప్రతి పిక్సెల్ తానే వెలుగుతుంది, నలుపు కావలసిన చోట పూర్తిగా ఆరిపోతుంది. 1987లో ఈస్ట్‌మన్ కోడాక్ శాస్త్రవేత్తలు చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ తక్కువ వోల్టేజీకే వెలిగే పలుచని సేంద్రియ పొరలను చేసి చూపించారు. అది టీవీగా దుకాణంలోకి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2007లో సోనీ అమ్మిన మొదటి మోడల్ తెర 11 అంగుళాలే. 55 అంగుళాల తెరలు 2013లో వచ్చాయి. చీకటి గదిలో మంచి ఓఎల్‌ఈడీ మీద రాత్రి దృశ్యం చూసినవారికి తేడా ఎవరూ వివరించనక్కర్లేదు. నల్ల పట్టీ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియదు.

మినీ ఎల్‌ఈడీది మధ్యేమార్గం. ఎల్‌సీడీ పొర వెనక వేల కొద్దీ చిన్న దీపాలు పెట్టి, వాటిని వందల నుంచి వేల మండలాలుగా (డిమ్మింగ్ జోన్లుగా) విభజించి, బొమ్మలో చీకటి ఉన్న చోట ఆ మండలాన్ని మసకబారుస్తారు. పిక్సెళ్లు లక్షల్లో ఉండగా మండలాలు అంత తక్కువ కావడంతో నల్లని ఆకాశంలో చందమామ చుట్టూ పలుచని వెలుగు వలయం కనిపిస్తుంది. తెల్లని సబ్‌టైటిళ్ల చుట్టూ కూడా అంతే. మండలాలు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. కొనేటప్పుడు అడగాల్సింది ఈ మండలాల సంఖ్యే, కానీ ప్రకటనల్లో ఇది అరుదుగా కనిపిస్తుంది.

క్యూఎల్‌ఈడీ సంగతి వేరు. ఇందులోని క్వాంటమ్ చుక్కలు కొన్ని నానోమీటర్ల స్ఫటికాలు. పదార్థం ఒకటే అయినా పరిమాణాన్ని బట్టి అవి వెలువరించే రంగు మారుతుంది, చిన్నవి నీలం వైపు, పెద్దవి ఎరుపు వైపు. ఈ పరిశోధనకే 2023లో మౌంగి బవెండీ, లూయీ బ్రూస్, అలెక్సీ ఎకిమోవ్‌లకు రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. అద్భుతమైన విజ్ఞానం, రంగులు నిజంగానే స్వచ్ఛంగా వస్తాయి. అయితే మామూలు క్యూఎల్‌ఈడీ టీవీ లోపల ఉన్నది ఎల్‌సీడీయే కాబట్టి నలుపు సమస్య అలాగే ఉంటుంది.

ఇక పిక్సెళ్ల లెక్క. ఫుల్ హెచ్‌డీలో సుమారు 20 లక్షలు, 4కేలో 83 లక్షలు, 8కేలో 3 కోట్ల 30 లక్షలు. కష్టార్జితాన్ని ఈ అంకె కోసం ఖర్చు చేస్తున్నవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో 60వ వంతు కోణం దాకా వివరాన్ని విడదీయగలదు. కంటి డాక్టర్ దగ్గర చదివే అక్షరాల పట్టీ కూడా ఈ కొలత మీద తయారైనదే. 55 అంగుళాల తెర వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీలో ఒక్కో పిక్సెల్ 0.63 మిల్లీమీటర్లు ఉంటుంది. ఏడు అడుగులు దాటితే అవి కంటికి కలిసిపోతాయి. 4కే అయితే మూడున్నర అడుగుల దగ్గరే కలిసిపోతాయి. 8కేను 4కే నుంచి వేరు చేసి చూడాలంటే అంతకంటే దగ్గరగా జరగాలి. సోఫా ఎనిమిది, తొమ్మిది అడుగుల దూరంలో ఉన్న ఇంట్లో 8కే ఎవరికీ ఉపయోగపడదు. జపాన్‌లో ఎన్‌హెచ్‌కే 2018 డిసెంబరులోనే 8కే ప్రసారాలు మొదలుపెట్టింది. మన దగ్గర అలాంటి ఛానెలే లేదు. చూపు చాలా పదునుగా ఉన్నవారికి ఈ దూరాలు కొంత పెరుగుతాయి, అంతే.

పైగా మనం చూసేది ఏమిటి? మామూలు ఎస్‌డీ ఛానెల్ బొమ్మలో ఉన్నవి 720 అడ్డంగా, 576 నిలువుగా, అంటే సుమారు 4 లక్షల 15 వేల పిక్సెళ్లు. దాన్ని 4కే తెర నిండా పరిస్తే ప్రతి 20 పిక్సెళ్లలో 19 టీవీ అంచనా వేసి నింపినవే. సీరియళ్లు, వార్తలు ఎస్‌డీలో చూసే కుటుంబం టీవీ మార్చడం కంటే హెచ్‌డీ ప్యాక్ తీసుకోవడం మేలు.

టీవీ మీద కనిపించే హెచ్‌డీఆర్ (వెలుగు నీడల మధ్య ఎక్కువ తేడా చూపే పద్ధతి) ముద్ర గురించి ఒక్క మాట. మామూలు వీడియోను 100 నిట్ల (తెర ప్రకాశాన్ని కొలిచే ప్రమాణం) వెలుగుకు సరిపడేలా తయారుచేస్తారు. హెచ్‌డీఆర్ సినిమాలను తరచుగా 1000 నిట్లకో, అంతకు మించో సిద్ధం చేస్తారు. 300 నిట్లు దాటని చౌక టీవీ కూడా ఆ సంకేతాన్ని అందుకోగలదు, కానీ అంత వెలుగు చూపించే శక్తి దానికి ఉండదు.

ఓఎల్‌ఈడీ కొనాలనుకునేవారు ఇంట్లో ఏ ఛానెల్ ఎన్ని గంటలు నడుస్తుందో ముందు ఆలోచించాలి. సేంద్రియ పదార్థం వెలిగేకొద్దీ అరుగుతుంది. వాటిలో నీలం రంగుది అన్నిటికంటే ముందు అరుగుతుంది. 2018లో ఆర్టింగ్స్ అనే పరీక్షా సంస్థ కొన్ని ఓఎల్‌ఈడీ టీవీలను రోజుకు 20 గంటల చొప్పున నెలల తరబడి నడిపింది. ఎప్పుడూ వార్తా ఛానెల్ పెట్టి ఉంచిన తెర మీద లోగో జాడ శాశ్వతంగా ఉండిపోయింది. తర్వాత వచ్చిన తెరలు మెరుగుపడ్డాయి. అయినా మన తెలుగు వార్తా ఛానెళ్లలో పైన లోగో, కింద రెండు వరసల స్క్రోలింగ్, పక్కన మరో పెట్టె రోజంతా ఒకే చోట ఉంటాయి. పొద్దున లేచిన దగ్గర్నుంచి వార్తలు నడిచే ఇంటికి నేను ఓఎల్‌ఈడీ సూచించను. ఎదురుగా పెద్ద కిటికీ ఉండి పగలే ఎక్కువగా చూసేవారికీ అంతే. గాజు మీద పడే ఎండ ఎంత మంచి నలుపునైనా కప్పేస్తుంది. వారికి ప్రకాశం ఎక్కువ ఉన్న మినీ ఎల్‌ఈడీ నప్పుతుంది.

రాత్రిళ్లు లైట్లు తగ్గించి సినిమాలు చూసేవారు, పాత ఎల్‌సీడీ ఉన్నవారు మాత్రం ఓఎల్‌ఈడీకి మారితే పెట్టిన డబ్బుకు ఫలితం మొదటి రోజే కనిపిస్తుంది. గత ఏడాది మోడల్ తగ్గింపు ధరకు దొరికితే అదే తీసుకోండి. ఒక్క ఏడాదిలో తెర పెద్దగా మారదు.

ఇప్పుడే కొనే ఆలోచన లేనివారు సెట్టింగుల్లోకి వెళ్లి, రంగులను అతిగా మెరిపించే వివిడ్ మోడ్ తీసేసి సినిమా మోడ్ గానీ ఫిల్మ్‌మేకర్ మోడ్ గానీ పెట్టండి. కదలికలను నున్నగా చేసే మోషన్ సెట్టింగు ఆపేయండి. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాను అది మధ్యలో లేని ఫ్రేములు చేర్చి సీరియల్‌లా మార్చేస్తుంది. మొదట్లో బొమ్మ పసుపుగా, డల్‌గా అనిపిస్తుంది. నాలుగు రోజులు అలాగే ఉంచి తిరిగి వివిడ్‌కు మార్చి చూడండి, ముఖాలు నీలంగా కనిపిస్తాయి.