ఇంజన్ కింద చుట్టకుదురు

చిరంజీవి పండుకీ, చిట్టికీ,

ఇక్కడ అందరం కులాసా. మీ అత్త రోజూ మిమ్మల్ని తలుచుకుంటోంది, మామయ్య చిట్టి పాడిన పాట ఫోన్లో పెట్టుకుని పదిసార్లు విన్నాడు.

నెల కిందట వీడియో కాల్‌లో పక్కింటాయన పాత కారు చూపించాను గుర్తుందా? ఆయన ఒక్కసారి యాక్సిలరేటర్ నొక్కగానే పండు అడిగాడు, "తాతయ్యా, ఆ ఇంజన్‌కి చలేస్తోందా, అలా ఎగిరిపడుతోందేంటి?" అని. అప్పుడు నవ్వేసి మాట మార్చాను. అసలు సంగతి, నాకూ జవాబు తెలీదు. ఆ తర్వాత రెండు శనివారాలు ఆయన షెడ్డులో స్టూలేసుకుని కూర్చుని, మధ్యమధ్యలో పానాలు అందిస్తూ నేర్చుకున్నది ఇప్పుడు రాస్తున్నాను.

ముందు కారు గురించి. అమెరికాలో మేముండే ట్రాయ్ ఊరు డెట్రాయిట్‌కి పక్కనే. ఏటా ఆగస్టు మూడో శనివారం ఇక్కడ వుడ్‌వర్డ్ అనే రోడ్డు మీద పాత కార్ల తిరనాళ్ల జరుగుతుంది, 1995 నుంచీ. ఆ రోజుకి బండి రెడీ చెయ్యాలని పక్కింటాయన ఆరాటం. ఆయనది 1969 షెవర్లే కామారో. 5.7 లీటర్ల ఇంజన్, ఎనిమిది సిలిండర్లు, 300 గుర్రాల బలం. సైజులో మన పాత ఆల్టో 800 ఇంజన్లు ఏడు కలిపితే దాదాపు అంత! చిన్న ఒంట్లో ఇంత పెద్ద ఇంజన్ కుక్కిన ఇలాంటి వాటిని మజిల్ కార్లంటారు, కండల కార్లన్నమాట. కామారోని ఆ లెక్కలో చేర్చకూడదని వాదించేవాళ్లూ ఉన్నారట, ఆ గొడవ మనకెందుకు.

ఆ ఇంజన్ ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా నిమిషానికి 600 చుట్లు తిరుగుతోందనుకోండి, లోపల సెకనుకి 40 సార్లు పెట్రోలు పేలుతుంది. 40 సార్లు! అది వణక్కుండా ఎలా ఉంటుంది? బరువా, 260 కిలోల పైమాటే, అంటే ధాన్యం బస్తాలు మూడున్నర. దాన్ని ఇనుప చాసీకి నేరుగా బిగించేస్తే ఆ వణుకంతా స్టీరింగ్‌లోకీ, సీట్లోకీ, మన పళ్లలోకీ వస్తుంది. అందుకని మధ్యలో మౌంటింగులు పెడతారు. రెండు ఇనుప రేకుల మధ్య గట్టిగా అతికించిన రబ్బరు ముద్ద. ఇంజన్‌కి కుడివైపొకటి, ఎడమవైపొకటి, వెనక గేర్‌బాక్సు కింద ఇంకొకటి.

మీ ముత్తవ్వ చెరువు నుంచి నీళ్లు తెచ్చేది. బిందె నేరుగా తల మీద పెట్టుకునేది కాదు, పాత చీర పేలిక మెలిపెట్టి గుండ్రంగా చుట్టి, ఆ చుట్టకుదురు మీద పెట్టుకునేది. మౌంటింగ్ అంటే అదే. రబ్బరుది మెత్తటి పాత చీర కుదురు, సుఖంగా ఉంటుంది, కానీ బిందె కాస్త ఊగుతుంది. ఇప్పుడు పాలీయురేథేన్ అని ఒక గట్టి ప్లాస్టిక్ లాంటి దానితో చేసినవి బజార్లో అమ్ముతున్నారు. అది గడ్డి మెలేసి చుట్టిన కుదురు, బిందె కదలదు, నెత్తి మాత్రం ఒరుసుకుంటుంది. పందేలకెళ్లే వాళ్లు ఏకంగా ఇనుప దిమ్మలే పెట్టేస్తారట, అంటే బోడి తల మీద బిందె! ముత్తవ్వ కుదురు తడిసి నానితే ఎలా జారేదో ఇదీ అంతే, ఇంజన్ నుంచి కారే నూనె ఏళ్ల తరబడి తాగి తాగి రబ్బరు కుళ్లిపోతుంది.

ఇంతవరకూ బాగానే కుదిరింది కదా, నేనూ ఇదే పక్కింటాయనకి వచ్చీరాని ఇంగ్లీషులో గొప్పగా చెప్పాను. ఆయన విని, తలూపి, "మరి మీ అమ్మగారి బిందె పైకి ఎగిరేదా?" అన్నాడు.

అక్కడ దొరికిపోయాను. పండు చూసింది ఆ ఎగరడమే. కారుని ముందుకి తోసే జోరులో ఇంజన్ తనే ఎదురు మెలి తిరగబోతుంది, డ్రైవరు వైపు పైకి లేస్తుంది. ఇక్కడ డ్రైవరు కూర్చునేది ఎడమవైపు. అంటే ఆ పక్క మౌంటింగ్ బరువు మొయ్యడమే కాదు, లేవబోయే ఇంజన్‌ని కిందకి లాగిపట్టుకోవాలి కూడా. కుదురూ అదే, పలుపుతాడూ అదే. ఇలాంటి కుదురు నేనెక్కడా చూళ్లేదు.

అది తెగితే ఏమవుతుందో తెలుసా? ఇంజన్ లేస్తూ లేస్తూ యాక్సిలరేటర్ కడ్డీని లాగేస్తుంది. కారు ఇంకా ఉరుకుతుంది, ఉరికేకొద్దీ ఇంజన్ ఇంకా లేస్తుంది. ఇది కథ కాదు. ఈ కంపెనీయే 1971 డిసెంబరులో సుమారు 67 లక్షల బళ్లని వెనక్కి పిలిచింది, 1969 కామారోలు కూడా అందులో ఉన్నాయి. చేసిన రిపేరేంటయ్యా అంటే ఇంజన్ లేవకుండా ఒక ఇనుప తాడు కట్టి పంపడం. కుర్రాళ్లు అంతకుముందే సొంతంగా గొలుసులు కట్టుకునేవాళ్లట.

ఇంజన్‌ని కదలకుండా బిగించడమంటే మా ఊరి రైసుమిల్లు గుర్తొస్తోంది. మా నాన్న అక్కడ ఇంజన్ డ్రైవరు. ఒకే సిలిండరు ఆయిలింజను, సిమెంటు దిమ్మలో పాతిన బోల్టులకి బిగించి ఉండేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు వేసవి సెలవుల్లో ఆయనకి మజ్జిగ తీసుకెళ్లి కిటికీ గట్టు మీద పెట్టాను. ఇంజన్ టుక్కు టుక్కుమంటోంది. చూస్తుండగానే ఇత్తడి గ్లాసు నడవడం మొదలెట్టింది! కొంచెం కొంచెంగా జరుగుతూ గట్టు చివరికి వచ్చేసింది, మజ్జిగ పైన గుండ్రటి గీతలు ఒకదానిలో ఒకటి. నేను పట్టుకోకుండా నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను, అది కాస్తా కింద పడింది. నాన్న తిట్టలేదు. గ్లాసు వంక చూసి, ఇంజన్ ఆపి, పానా తీసి దిమ్మ బోల్టులు చూశాడు. రెండు వదులయ్యాయి. మజ్జిగ పోతే పోయింది, చెప్పాల్సింది చెప్పింది అన్నాడు.

సరే, షెడ్డుకొద్దాం. మొదట తెప్పించిన మౌంటింగులు రాంగ్ సైజు. ఇవి పొట్టిగా వెడల్పుగా ఒక రకం, పొడుగ్గా సన్నగా ఇంకో రకం ఉంటాయి, చాసీ మీదున్న బ్రాకెట్‌కి ఏది సరిపోతే అదే వెయ్యాలి. అమ్మినవాళ్లు కారు పేరు చూసి పంపేశారు. ఒక శనివారం అలా పోయింది.

రెండో శనివారం ఆయన ముందు బ్యాటరీ వైరు పీకేశాడు. రేడియేటర్ ఫ్యాను చుట్టూ ఉన్న తొడుగు వదులు చేశాడు, లేకపోతే ఇంజన్ లేచేటప్పుడు ఫ్యాను తగిలి అది పగిలిపోతుంది. ఇంజన్ వెనకాల ఉండే డిస్ట్రిబ్యూటర్, అంటే సిలిండర్లకి నిప్పురవ్వ కరెంటు పంచేది, వెళ్లి బండి లోపలి ఇనుప గోడకి గుద్దుకోకుండా దాని మూత తీశాడు. పొడుగు బోల్టులు బయటికి లాగి, ఆయిల్ పాన్‌కి సొట్ట పడకుండా వెడల్పాటి చెక్క అడ్డం పెట్టి, జాకీతో ఇంజన్‌ని రెండంగుళాలు లేపాడంతే. చాసీ కింద స్టాండ్లు ముందే పెట్టాడు. పిల్లలూ, ఇది ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, వట్టి జాకీ మీదున్న బండి కిందకి ఎవరు దూరమన్నా దూరొద్దు, రేపు మీరు ఇంజనీర్లయినా సరే.

డ్రైవరు వైపు పాత మౌంటింగ్ ఆయన చేతిలోకి రాగానే రెండు ముక్కలైంది. పై రేకు ఒక చేతిలో, కింది రేకు ఇంకో చేతిలో. మధ్యలో రబ్బరు నానిన అప్పడంలా ఉంది, వేలితో నొక్కితే నల్లగా అంటుకుంది. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. పోయిన వేసవంతా ఆయన మనవరాలిని ఎక్కించుకుని తిరిగింది ఈ బండిలోనే.

కొత్తవి పెట్టడం తేలికే అనుకున్నాను. రంధ్రాలు కలవవే! ఒక పక్క కలిస్తే రెండో పక్క గోరంత తేడా. గంటసేపు తంటాలు. కిటుకేంటంటే అన్ని బోల్టులూ ముందు వేళ్లతో వదులుగా ఎక్కించాలి, ఇంజన్‌ని మెల్లగా దించుతూ పొడుగు బోల్టు దూర్చాలి, అన్నీ కూర్చున్నాకే పానా పట్టాలి. ముందే ఒకటి బిగించేస్తే మిగతావి రావు. కొత్త వాటిలో రెండు రేకులూ ఒకదానిలో ఒకటి తగులుకుని ఉన్నాయి, లోపలి పదార్థం చిరిగినా ఇంజన్ లేవదు.

ఆయన పాలీయురేథేన్‌వే వేశాడు. నేనైతే రబ్బరే వేసేవాణ్ణి, చెప్పాను కూడా, వినలేదు. ఇప్పుడు యాక్సిలరేటర్ నొక్కితే ఇంజన్ బుద్ధిగా కూర్చుంటోంది, ఆ వణుక్కి అద్దంలో వెనకొచ్చే బండి మాత్రం రెండుగా కనిపిస్తోంది. అలవాటైపోతుందంటాడు.

ఇంతకీ పండూ, ఒక పని చెయ్యి. మీ నాన్నని బానెట్ ఎత్తి, బండి న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి స్టార్ట్ చెయ్యమను. మీరిద్దరూ పక్కగా, చేతులు వెనక కట్టుకుని నిలబడండి, ఫ్యాను దగ్గరికి వెళ్లొద్దు. నాన్న ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కి వదిలేటప్పుడు ఇంజన్ వంక మాత్రమే చూడండి. మన బండిలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, అందుకని ఇక్కడిలా పక్కకి వంగదు. మరి ఎటు వంగిందో, ఎంత వంగిందో ఆదివారం ఫోన్లో చెప్పండి. చిట్టికి ఎత్తు చాలదు, స్టూల్ వెయ్యి.

మీ తాతయ్య