కుక్కతో తిరుపతి ప్రయాణం: గది, భోజనం విషయంలో అపోహలు - వాస్తవాలు

వేసవి సెలవులు మొదలైతే తిరుపతిలోని మా క్లినిక్‌కు బయటూరి కుక్కల రాక పెరుగుతుంది. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు నుంచి కుటుంబమంతా కార్లో దిగుతారు. "ఇంట్లో చూసుకునేవాళ్ళు లేరు డాక్టర్ గారూ, వదిలి రాలేక తెచ్చేశాం" అంటారు. తేవడంలో తప్పేం లేదు. చిక్కంతా వాళ్ళూ వీళ్ళూ చెప్పింది నమ్మి బయల్దేరడంతోనే.

అపోహ: చిన్న కుక్కే కదా, ఒళ్ళో పెట్టుకుని కొండకు తీసుకుపోవచ్చు.

కుదరదు. తిరుమలకు పెంపుడు జంతువులను అనుమతించరు. "పైన కుక్కలు తిరుగుతూనే ఉంటాయిగా" అని నాతో వాదించినవాళ్ళున్నారు. అవి అక్కడి వీధికుక్కలు, వాటి లెక్క వేరు. నడకదారి చుట్టూ ఉన్నది శేషాచలం అడవి. 2023లో ఆ దారిలోనే చిరుత ఒక పాపను పొట్టన పెట్టుకుంది. కుక్క అంటే చిరుతకు మరీ ఇష్టం. కింద ఊళ్ళో ఉన్న టీటీడీ వసతి గృహాల్లోనూ కుక్కకు చోటుండదు. ప్రైవేటు లాడ్జో హోమ్‌స్టేనో చూసుకోవాల్సిందే.

అపోహ: రూమ్ దొరికితే చాలు, ఇక టెన్షన్ లేదు.

అసలు టెన్షన్ అక్కడే మొదలవుతుంది. రద్దీ రోజుల్లో సర్వదర్శనానికి ఇరవై గంటలు దాటడం మామూలే. అంతసేపు కుక్క దగ్గర ఎవరుంటారు? గది వెతికే ముందు ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలి.

ఏసీ వేసి, నీళ్ళు పెట్టి, తాళం వేసి పోతే సరిపోతుందనుకుంటారు. ఇప్పుడు చాలా హోటళ్ళలో తలుపు పక్కన గోడకు కీకార్డు పెట్టే పెట్టె ఉంటుంది. కార్డు తీసి జేబులో వేసుకోగానే గదిలో కరెంటు పోతుంది, దాంతోపాటు ఏసీ కూడా. మే నెలలో పడమటి ఎండ పడే గది అలా మూసి ఉంటే లోపల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పైగా కొత్త చోటు, కొత్త వాసనలు. ఇంట్లో నోరెత్తని కుక్క కూడా అరుస్తుంది, తలుపు గీరుతుంది, గోళ్ళు ఊడి రక్తం కారేదాకా గీరినవాటికి నేను కట్లు కట్టాను. మీరు క్యూలో ఉంటారు, ఫోన్ లాకర్‌లో ఉంటుంది. "మీ కుక్క ఒకటే అరుస్తా ఉండాది సార్" అని లాడ్జి కుర్రాడు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తేవాళ్ళుండరు.

కారులో వదలడం ఇంకా ప్రమాదం. బయట 35 డిగ్రీలుంటే మూసిన కారులో పది నిమిషాల్లోనే 45 దగ్గరికి పోతుంది. అద్దం రెండు వేళ్ళు దించితే పెద్ద తేడా ఏమీ రాదు. పగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు జాతులైతే అసలు తట్టుకోలేవు.

నేను చెప్పేది ఒకటే: రెండు జట్లుగా దర్శనానికి వెళ్ళండి, ఒక జట్టు కుక్కతో కింద ఉండాలి. అది వీలుకాకపోతే బోర్డింగ్‌లో, అంటే డబ్బు తీసుకుని కుక్కలను చూసుకునే చోట పెట్టండి. అదీ దర్శనం రోజు పొద్దున హడావిడిగా కాదు, ముందురోజే వెళ్ళి చోటు చూడండి. టీకాల కార్డు అడగకుండా కుక్కను చేర్చుకునే బోర్డింగ్ అయితే వెనక్కి వచ్చేయండి. మీ కుక్కను అడగనివాళ్ళు పక్క కుక్కను మాత్రం అడిగి ఉంటారా?

అపోహ: యాప్‌లో 'పెట్ ఫ్రెండ్లీ' అని ఉంటే ఇక అడగక్కర్లేదు.

అడగాలి. కొన్నిచోట్ల చిన్న జాతులకే ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల గదిలో ఒంటరిగా వదలకూడదంటారు, అదనపు డబ్బు సంగతి దిగాక చెబుతారు. కుక్క ఫొటో పంపి, జాతి, బరువు చెప్పి, వాళ్ళ ఒప్పుకోలు వాట్సాప్‌లో రాయించుకోండి. ఫోన్‌లో సరేనన్న మనిషి రాత్రి పదకొండుకు కౌంటర్‌లో ఉండడు. వీలైతే కింది అంతస్తే అడగండి.

"కాదనడానికి వాళ్ళెవరు, చట్టం ఉంది" అనేవాళ్ళకు ఒక మాట. జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు అపార్ట్‌మెంట్లు, కాలనీల్లో కుక్కను పెంచుకునేవాళ్ళ కోసం. లాడ్జి యజమాని కాదంటే కాదనే.

అపోహ: రైల్లో ఏ ఏసీ బోగీ అయినా పరవాలేదు.

ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గానీ, నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీ పేరున ఉంటేనే కుక్క మీతో ఉంటుంది. లేదంటే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి గార్డు బ్రేక్‌వ్యాన్‌లోని కుక్కల పెట్టెలో పంపాలి. మన ఎండల్లో దానికి నేను ఒప్పుకోను. సికింద్రాబాద్-తిరుపతి వందేభారత్‌లో అన్నీ కుర్చీలే, కాబట్టి ఆ ఆలోచనే వద్దు.

అపోహ: ఇంట్లో మనం తినేదే పెడతాం, దారిలో హోటల్ అన్నం పెడితే ఏమవుతుంది?

హోటల్ సాంబారులో ఉల్లి, చట్నీలో వెల్లుల్లి ఉంటాయి. రెండూ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. బిర్యానీ ఎముకలు ఉడికి పెళుసెక్కి ఉంటాయి, విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. పులిహోర సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తుందని ఎప్పట్నుంచో తెలుసు. అందులోని టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని ఈ మధ్య తేలుతోంది. అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది. చింతపండు తిన్న కుక్కలకు మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు 2022లో పశువైద్య పత్రికలోనూ వచ్చాయి.

ఇక లడ్డూ. ప్రసాదం కదా, దానికీ కాస్త పెడదామని మనసు లాగుతుంది. అందులో కిస్మిస్, అంటే ఎండుద్రాక్ష ఉంటుంది. ఎన్ని తింటే ప్రమాదమో లెక్క లేదు, కొన్ని కుక్కలకు నాలుగైదే ఎక్కువ. కుక్కకు అందేలా లడ్డూ సంచి కారు సీటు మీద పెట్టొద్దు.

మరి ఏం పెట్టాలి? ఏ ఊళ్ళో ఆగినా దొరికేది ఇడ్లీ. చట్నీ తగలకుండా ఉత్త ఇడ్లీ పెట్టండి. మెస్సులో అయితే ఉత్త అన్నం, తాలింపు లేని పెరుగు, పక్కనే ఉడికించిన గుడ్డు. బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందే పెట్టేస్తే దారిలో వాంతులూ తగ్గుతాయి. వాంతులవుతాయనో అరుస్తుందనో మనుషుల మత్తుబిళ్ళ వేయొద్దు. మత్తులో ఉన్న కుక్క వేడిని తట్టుకోలేదు.

లడ్డూ తినేసిందని తెలిస్తే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి, ఉప్పే ప్రాణం మీదకు తెస్తుంది. రెండు గంటల లోపు వైద్యుడి దగ్గరికి తెస్తే మందుతో కక్కించవచ్చు. ఊళ్ళో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, ప్రైవేటు క్లినిక్‌లూ ఉన్నాయి. ఆరోజు హుషారుగానే ఉందని ఊరికి వెళ్ళిపోతే, మూత్రపిండాల లక్షణాలు ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడతాయి. అప్పుడు మీ ఊరి డాక్టరుకు అది ఏం తిన్నదో, ఎప్పుడు తిన్నదో మొదటే చెప్పండి.