క్రీ.పూ. 2049, వసంతం

ఇంగ్లండ్ తూర్పు తీరాన, నార్‌ఫోక్‌లోని హోమ్ ఊరి దగ్గర అలలకు ఇసుక కోసుకుపోయి 1998లో ఒక కొయ్యల వలయం బయటపడింది. 55 ఓక్ మొద్దులు ఒకదాని పక్కన ఒకటి పాతి ఉన్నాయి. నడుమ ఒక పెద్ద ఓక్ మోడు, వేళ్లు ఆకాశం వైపు పెట్టి తలకిందులుగా దించి ఉంది. సీహెంజ్ (సీ అంటే సముద్రం) అన్న పేరు స్థిరపడింది కానీ, కట్టిన నాటికి అది సముద్రం కాదు, ఉప్పు చిత్తడి నేల. బురద కప్పేసి గాలి ఆడక బూజు పట్టలేదు, కర్ర మిగిలింది.

ఆ మొద్దుల్ని కొట్టింది క్రీ.పూ. 2049లో, వసంతంలోనో వేసవి మొదట్లోనో. నాలుగు వేల ఏళ్ల నాటి రుతువు ఎలా తెలిసింది?

మానును అడ్డంగా కోస్తే కనిపించే, ఏడాదికొకటి చొప్పున పడే వలయాలు లెక్కపెడితే చెట్టు వయసు తెలుస్తుందని బడిలో చెప్పి అక్కడితో ఆపేస్తారు. అసలు సంగతి వాటి మందంలో ఉంది. మంచి ఏడు మందంగా, గడ్డు ఏడు సన్నగా పడతాయి. ఒక ప్రాంతపు ఓక్‌లన్నిటిలో ఇంచుమించు అదే వరస. బతికున్న చెట్టు, పాత ఇంటి దూలం, బురదలో దొరికిన మాను, ఇలా వరసలు కలుపుతూ వేల ఏళ్ల గొలుసు కట్టారు. కొత్త ముక్క వలయాల్ని మిల్లీమీటరులో నూరో వంతు దాకా కొలిచి వరస సరిపోయే చోటు దొరికేదాకా ఆ గొలుసు మీద జరుపుతూ పోతారు. నానిన కర్ర స్పాంజిలా ఉంటుంది, బ్లేడు పెడితే చిరుగుతుంది. అందుకే ముందు గడ్డకట్టించి చిత్రిక పడతారు. వలయాలు 50 కన్నా తక్కువైతే తప్పు చోట అతుక్కునే ప్రమాదం ఎక్కువ. ఇక్కడ రేడియోకార్బన్ లెక్కతోనూ, అంటే కర్రలో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను బట్టి వయసు కట్టే పద్ధతితోనూ, సరిచూశారు.

ఇక రుతువు. ఓక్ ఏటా వసంతంలో ముందు కంటికి కనిపించేంత పెద్ద గొట్టాలు వేస్తుంది, తర్వాతే గట్టి వేసవి కర్ర. బెరడు కిందున్న చివరి వలయంలో గొట్టాల వరస దగ్గరే పెరుగుదల ఆగిపోతే, గొడ్డలి వేటు అప్పుడే పడినట్టు. దీనికి బెరడు ఉండి తీరాలి. వడ్రంగి బెరడుతో పాటు చేవ చుట్టూ ఉండే తెల్లకర్ర కూడా చెక్కేస్తే "ఫలానా ఏడు తర్వాత" అనడమే మిగులుతుంది. మన అదృష్టం, ఈ మొద్దుల్ని బెరడు బయటికి పెట్టి పాతారు.

వేట్ల మచ్చలూ చెక్కుచెదరలేదు. ప్రతి కంచు గొడ్డలి అంచునా దానిదైన నొక్కు ఉంటుంది; అది నరికిన చోట గీతగా పడుతుంది. ఆ గీతల్ని పోల్చి చూస్తే కనీసం 50 వేర్వేరు గొడ్డళ్లు తేలాయి. బ్రిటన్‌లో కంచు ఇంకా కొత్తగా ఉన్న కాలంలో, ఒక్క పనికి అన్ని గొడ్డళ్లు! నడుమనున్న మోడును లాగడానికి దానికి తొలిచిన రంధ్రాల్లో హనీసకిల్ తీగతో పేనిన తాడు అలాగే ఉంది.