సెల్లార్ పిల్లర్‌కి గీసుకున్న బంపర్ గురించి పిల్లలకు

చిన్నూ, అమ్మూ,

మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసి మరీ చూశాను. వెనక బంపర్ కింద నల్ల ప్లాస్టిక్ మీద పసుపు గీతలు, చక్రాల చుట్టూ ఉన్న నల్ల అంచేమో బూడిద రంగు. రెండూ కలిపేసి "షోరూమ్‌లో మార్పించేద్దామా పెద్దమ్మా" అని అడిగారు. ఆగండి. అక్కడ ఏదైనా ఊడిపోయిందా, లేక పైనుంచి వచ్చి ఏదైనా అంటుకుందా, ముందు అది తేల్చుకోండి. చాలాసార్లు అంటుకున్నదే అయి ఉంటుంది.

ఆ నల్ల భాగాలకు కారు బాడీలాగా పైన పెయింట్ ఉండదు. ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ వాడతారు, విప్పి వెనక చూస్తే పీపీ అని అచ్చు కనిపిస్తుంది. నలుపు లోపలి దాకా ఉంటుంది, ఎందుకంటే ముడి సరుకులోనే కార్బన్ బ్లాక్ కలిపేస్తారు. అది రంగూ ఇస్తుంది, ఎండనూ కాస్త ఆపుతుంది. అంటే పసుపు గీత లోపలి నుంచి వచ్చే చాన్సే లేదు, అది మీ సెల్లార్ పిల్లర్‌కి వేసిన పసుపు నలుపు పట్టీల పెయింట్. గీత మీద గోరు అడ్డంగా లాగండి. గోరు ఎక్కి దిగితే పెయింట్ అంటుకుంది, గోరు లోపలికి పడితే ప్లాస్టిక్ చెక్కుకుపోయింది.

అంటుకున్న పెయింట్‌కి మొబైల్ రిపేర్ వాళ్లు బోర్డులు తుడిచే ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు, హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ వైపు వెళ్తే దొరుకుతుంది. గుడ్డ తడిపి కాసేపు ఒత్తి పట్టుకుని, తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఆ ప్లాస్టిక్ మీద తోలులాగా సన్న గరుకు ఉంటుంది చూడండి, పెయింట్ ఆ గుంటల్లోనే దాక్కుంటుంది. ఇంకా మిగిలితే మరకలు తుడిచే తెల్ల మెలమిన్ స్పాంజ్‌తో మెల్లగా. ఎమెరీ పేపర్ జోలికి మాత్రం వెళ్లొద్దు, గరుకు ఒకసారి అరిగిందంటే ఆ చోటు నున్నగా మెరుస్తూ జన్మంతా కనిపిస్తుంది. థిన్నర్ కూడా వద్దు, పక్కనున్న బాడీ పెయింట్ పాడవుతుంది.

ఇక ఆ బూడిద రంగు. ఎవరిని అడిగినా ఎండకు పోయిందంటారు. కొంత నిజమే, ఏళ్ల తరబడి ఎండ తగిలితే అతినీలలోహిత కిరణాలకు పైపొర దెబ్బతిని, పొడిబారి వెలిసిపోతుంది. కానీ మీ కారు రోజంతా సెల్లార్‌లోనే కదా ఉండేది! మీ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ రోజూ బోరు నీళ్లతో కడిగి, తుడవకుండా వదిలేస్తాడు. ఆ నీళ్లు ఆరాక మిగిలే ఉప్పు, గీజర్‌లో తెల్లగా పేరుకునేదే, ఇదీ అయి ఉంటుంది. ఒక మూల వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి గుడ్డతో అద్ది, రెండు నిమిషాలాగి కడిగి, పూర్తిగా ఆరాక చూడండి. నల్లగానే ఉంటే అది ఉప్పు, మిగతా అంచంతా అలాగే చేయండి, పని అయిపోయినట్టే. తడిగా ఉన్నంతసేపూ నల్లగా ఉండి ఆరగానే మళ్లీ బూడిదైతే, అప్పుడు ఎండ దెబ్బే అనుకోవాలి. పాలిష్ చేయించినప్పుడు వ్యాక్స్ అంటి అక్కడక్కడా తెల్ల మచ్చలుంటే పెన్సిల్ రబ్బరుతో రుద్దినా పోతాయి.

ఎండ దెబ్బకి కొబ్బరి నూనె, బూట్ పాలిష్ అని మీ బాబాయి చెప్తాడు, వినకండి. నూనెకి దుమ్మంతా అంటుకుంటుంది, పాలిష్ వానకి కారి బట్టలకు పూసుకుంటుంది. వాషింగ్ సెంటర్‌లో తళతళలాడేలా కొట్టేది కూడా చాలావరకు సిలికాన్ డ్రెస్సింగే, నాలుగు వానలు పడితే ఉండదు. వీడియోల్లో వేడి గాలి ఊదే హీట్ గన్ పెట్టగానే నల్లబడటం చూసి ముచ్చటపడొద్దు. పీపీ 160 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, ఆ గన్ అంతకంటే చాలా ఎక్కువ వేడి ఇస్తుంది, చేయి ఒక్క క్షణం ఆగినా గరుకు కరిగి మచ్చ పడుతుంది.

ఇలాంటి నల్ల ప్లాస్టిక్ మీద పూయడానికి ట్రిమ్ కోటింగ్ అని చిన్న సీసాలో అమ్ముతారు, అది కొనండి, నెలల తరబడి ఉంటుంది. షాంపూతో కడిగి, ఆరబెట్టి, ఐపీఏతో తుడిచి, బాడీ పెయింట్ అంచుకు టేప్ వేసి, నీడలో, ప్లాస్టిక్ చల్లగా ఉన్నప్పుడు పల్చగా పూయండి. ఎక్కువైంది వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తీసేయాలి, లేకపోతే చారలు మిగిలిపోతాయి. ఆ రోజుకి కారు ముట్టుకోవద్దని వాచ్‌మన్‌కి ముందే చెప్పండి, పొద్దున్నే బకెట్‌తో దిగిపోతాడు.

గోరు లోపలికి పడిన చోట్ల లేచిన పోగుల్ని బ్లేడుతో కోసేసి అదే కోటింగ్ పూస్తే నాలుగడుగుల దూరం నుంచి తెలియదు, దగ్గరికొస్తే తెలుస్తుంది. అది కూడా ఓర్చుకోలేకపోతే బంపర్ మొత్తం అక్కర్లేదు, చాలా మోడళ్లలో కింది ప్లాస్టిక్ ఒక్కటే విడిగా దొరుకుతుంది. జాంబాగ్, పుత్లీబౌలి వైపు స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడగండి, కారు ఏ సంవత్సరందో చెప్పి, క్లిప్పులు కూడా తీసుకోండి. పాతవి ఊడదీసేటప్పుడు ఎలాగూ కొన్ని విరుగుతాయి.

మీ పెద్దమ్మ