మూతలో దాగిన యాంటెనా

మా అబ్బాయి ల్యాప్‌టాప్ మడతబందు విరిగితే తిరుపతి బస్టాండు దగ్గర ఒక దుకాణంలో మార్పించాం. ఇంటికి తెచ్చాక తెర బాగుంది గాని, రూటర్ ఉన్న గది దాటితే వైఫై అందడం లేదు. అడుగు పలక విప్పి చూస్తే వైఫై కార్డుకు నల్ల తీగ ఒక్కటే తగిలించి ఉంది. తెల్లది బ్యాటరీ పక్కన పడి ఉంది. దాని కొసన ఆవగింజకు కాస్త పెద్దదైన బిళ్ల. వేలితో నొక్కగానే టిక్కుమని కూర్చుంది.

రెండు తీగలెందుకంటే మూతలో రెండు యాంటెనాలున్నాయి కనుక. 1990ల చివర వైఫై కార్డును పక్కనున్న సందులో దూర్చేవారు, యాంటెనా బయటికి పొడుచుకొచ్చేది. 1999లో ఆపిల్ వారి ఐబుక్ ల్యాప్‌టాప్ యాంటెనాను పెట్టెలోకి తెచ్చింది. 2003లో వైఫైని కలిపి ఇచ్చిన ఇంటెల్ సెంట్రినో చిప్‌లతో అది మామూలైపోయింది. మన దేశంలో వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల పట్టీకి లైసెన్సు బెడద 2005 జనవరిలో తొలగింది.

ఆ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. గోడలను తాకి వచ్చిన తరంగం, నేరుగా వచ్చినది ఒకదాన్నొకటి చెరిపేసుకునే చోట యాంటెనా ఉంటే సిగ్నల్ పడిపోతుంది. నాలుగు వేళ్ల దూరం జరిగితే మళ్లీ దొరుకుతుంది. అందుకే రెండోది. తొలి సర్క్యూట్లు రెండింటినీ విని, బాగా వినిపించేదాన్ని ఎంచుకునేవి, అంతే. 2009 నాటి 802.11ఎన్ అనే వైఫై ప్రమాణంతో అన్నీ ఒకేసారి పనిచేయడం మొదలైంది.

దీని వెనకున్న గణితం పాతదే. యాంటెనాల సిగ్నళ్లకు తగిన తూకం, అంటే దేన్ని ఎంత లెక్కలోకి తీసుకోవాలో, తానే నేర్చుకునే పద్ధతిని అమెరికా ఇంజనీరు బెర్నార్డ్ విడ్రో బృందం 1967లోనే ప్రచురించింది. తూకాలు నేర్చుకోకపోయినా, ఎన్నో యాంటెనాలను ఒక్కటిగా పనిచేయించడం మనకు దగ్గర్లోనే ఉంది. చిత్తూరు దారిలో గాదంకి దగ్గర వాతావరణ రాడార్‌లో 1,024 యాంటెనాలు నేలమీద కదలకుండా ఉంటాయి. వాటికి అందే తరంగాల దశను, అంటే ఎగుడుదిగుళ్ల వేళను, కాస్త ముందువెనకలుగా మార్చి కిరణాన్ని ఆకాశంలో తిప్పుతారు. అక్కడ 130 మీటర్ల మైదానం, ఇక్కడ తెర అంచున బెత్తెడు చోటు!

ఆ చోటూ నిలకడైనది కాదు. తెరను పూర్తిగా వెనక్కి మడిచినా, అరచేయి ఆన్చినా యాంటెనా శ్రుతి తప్పుతుంది, అంటే తన తరంగాన్ని సరిగా పట్టలేదు. కొన్ని నమూనాల్లో చిన్న కెపాసిటర్లను కలుపుతూ, విడదీస్తూ శ్రుతి సరిచేసే సర్క్యూట్ ఉంటుంది.

మూతలోంచి వచ్చే తీగలు మడతబందు గుండానే దిగాలి. ఒకటి ఊడినా కంప్యూటర్ హెచ్చరించదు, మిగిలినదానితో సర్దుకుపోతుంది. దుకాణంలో రూటర్ పక్కనే పెట్టి చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.