ప్రిఫిక్స్ లేని యాట్రిబ్యూట్ ఎవరిది? ఎక్స్ఎంఎల్ నేమ్‌స్పేస్‌ల నేపథ్యం

ఎస్‌వీజీ (వెబ్ బొమ్మలను ట్యాగులతో వర్ణించే ఎక్స్ఎంఎల్ భాష) బొమ్మల్లో లింకు కోసం ఏళ్ల తరబడి రాసిన 'ఎక్స్‌లింక్:హెచ్‌రెఫ్' స్థానంలో ఉత్త 'హెచ్‌రెఫ్' చాలునని దాని కొత్త కూర్పు ఎస్‌వీజీ 2 అంటోంది. కోలన్ ముందున్న ఆ ప్రిఫిక్స్ ఎందుకు వచ్చిందో, ఎందుకు పోతోందో తెలియాలంటే 1999 జనవరి 14న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించిన నేమ్‌స్పేస్‌ల ప్రమాణాన్ని చూడాలి.

సమాచారాన్ని ట్యాగుల మధ్య పెట్టి రాసే ఎక్స్ఎంఎల్, 1998 ఫిబ్రవరిలో వచ్చిన తన 1.0 కూర్పుతో ఎవరి ట్యాగులు వారు పెట్టుకునే వీలు కల్పించింది. అయితే ఒకరు పుస్తకం పేరుకూ, మరొకరు మనిషి హోదాకూ 'టైటిల్' అనే పెట్టుకుని ఉంటే, ఆ రెండు పదజాలాలూ ఒకే ఫైలులో కలిసినప్పుడు ప్రోగ్రాము తేడా పట్టలేదు. అందుకని టిమ్ బ్రే, డేవ్ హాలండర్, ఆండ్రూ లేమన్ సంపాదకత్వంలో వెలువడిన ప్రమాణం ఒక్కో పదజాలానికి ఒక్కో యూఆర్ఐను (వెబ్ చిరునామాలా ఉండే పేరును) దాని నేమ్‌స్పేస్‌కు గుర్తుగా పెట్టి, ఫైలులో దానికి బదులు పొట్టి ప్రిఫిక్స్ వాడుకోమంది. ప్రిఫిక్స్ లేని ట్యాగులకు వర్తించే డిఫాల్ట్ నేమ్‌స్పేస్‌ను ప్రకటించుకునే సౌకర్యమూ ఇచ్చింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ డిఫాల్ట్ ఎలిమెంట్లకే (ట్యాగుతో గుర్తించిన భాగాలకే) గానీ, ట్యాగు లోపల పేరు, విలువ జంటగా రాసే యాట్రిబ్యూట్లకు వర్తించదు. ప్రమాణంలోని ఒక ఉదాహరణలో డిఫాల్ట్ నేమ్‌స్పేస్, 'ఎన్1' ప్రిఫిక్స్ రెండూ ఒకే యూఆర్ఐను సూచిస్తున్నా, ఒకే ట్యాగులో 'ఎ', 'ఎన్1:ఎ' అనే రెండు యాట్రిబ్యూట్లు తప్పులేకుండా ఇముడుతాయి. అదే యూఆర్ఐకి రెండు ప్రిఫిక్సులు కట్టి 'ఎన్1:ఎ', 'ఎన్2:ఎ' అని రాస్తే మాత్రం తప్పు. ప్రిఫిక్స్ లేని యాట్రిబ్యూట్ అర్థాన్ని అది ఉన్న ఎలిమెంటే నిర్ణయిస్తుందన్నది దీని వెనుక ఆలోచన. నా దృష్టిలో అది సబబైనదే, కానీ దాన్ని వివరించడానికి చేర్చిన అనుబంధం స్పష్టత కన్నా గందరగోళమే ఎక్కువ పెంచింది. తరవాతి కూర్పుల్లో దాన్ని తొలగించారు.

ఏ ఎలిమెంట్ మీదైనా వాడదగిన యాట్రిబ్యూట్‌కు మాత్రం ప్రిఫిక్స్ తప్పనిసరి అయింది. 2001 జూన్‌లో ఆమోదం పొందిన ఎక్స్‌లింక్ అనే లింకుల ప్రమాణం ఈ దారినే పట్టింది, ఎస్‌వీజీ దాన్ని స్వీకరించింది. హెచ్‌టీఎంఎల్ బృందానికి అది నచ్చలేదు; 2002లో వారు హెచ్‌లింక్ అనే ప్రత్యామ్నాయం ప్రతిపాదిస్తే, డబ్ల్యూ3సీ సాంకేతిక నిర్మాణ బృందం ఎక్స్‌లింక్‌నే సమర్థించింది. తరవాత హెచ్‌టీఎంఎల్5 పార్సర్ (పేజీ సోర్సును చదివి అర్థం చేసుకునే ప్రోగ్రాము) ఎస్‌వీజీ లోపల ఆ ప్రిఫిక్స్‌ను ప్రకటన లేకుండానే గుర్తుపట్టేలా రాజీ కుదిరింది. అయితే స్క్రిప్టులో 'సెట్ యాట్రిబ్యూట్' పిలిచి అదే పేరు ఇస్తే, నేమ్‌స్పేస్ అంటని, కోలన్‌తో కూడిన మామూలు పేరు తయారవుతుంది. సోర్సులో అంతా సరిగానే కనిపిస్తుంది, తెర మీద బొమ్మ రాదు. దీనికి యూఆర్ఐను కూడా అడిగే 'సెట్ యాట్రిబ్యూట్ ఎన్ఎస్' వాడాలి.

ఎక్స్ఎంఎల్ తనకోసం అట్టేపెట్టుకున్న 'ఎక్స్ఎంఎల్:' ప్రిఫిక్స్ కూడా చిక్కులు తెచ్చింది. 'ఎక్స్ఎంఎల్:లాంగ్' విలువను పై ఎలిమెంట్ మీద 'టీఈ' అని పెడితే లోపలి పాఠమంతా తెలుగే అవుతుంది. ఆ ప్రిఫిక్స్‌తో వచ్చేవన్నీ ఇలాగే వారసత్వంగా దిగుతాయని భావించిన కెనానికల్ ఎక్స్ఎంఎల్ 1.0 (ఫైలును ఒకే స్థిర రూపంలో రాసే పద్ధతి), డిజిటల్ సంతకం కోసం ఫైలులోంచి ఒక ముక్కను విడదీసేటప్పుడు, విడిచిపెట్టిన పై ఎలిమెంట్ల యాట్రిబ్యూట్లను ఆ ముక్కకు తగిలించేది. 2005లో 'ఎక్స్ఎంఎల్:ఐడీ' వచ్చేసరికి ఈ పద్ధతి బెడిసికొట్టింది, ఎందుకంటే ఫైలు మొత్తంలో ఒకదానికే ఉండవలసిన గుర్తింపు దాని లోపలి ఎలిమెంటుకు అంటుకుంటుంది. 2008 మేలో వచ్చిన 1.1 కూర్పు ఐడీని ఈ వారసత్వం నుంచి మినహాయించింది. ఆ జూన్‌లో సవరించిన ఎక్స్ఎంఎల్ సంతకాల ప్రమాణం మాత్రం పాత, కొత్త పద్ధతులు రెండింటినీ సాఫ్ట్‌వేర్‌లో ఉంచాల్సిందేనని చెప్పింది.